వివాహసిద్ధి: చేవ్రాలా? సప్తపదియా?

తెలుఁగువారి యిండ్లలో నిటీవల నొక వాడుక నెలకొనినది. వరుఁడు విదేశమున నుద్యోగి. వధువు వానితోఁ బోవలెనన్న వీసా కావలెను. వీసాకు వివాహధ్రువపత్రము కావలెను. ముహూర్తమా, యాఱు మాసములకుఁ గాని కుదురలేదు. అంత నుభయపక్షములవారును రిజిస్ట్రారు కచేరికిఁ బోయి, జరుగని వివాహమును జరిగినట్లు వ్రాయించి, చేవ్రాళ్లు చేసి, పత్రము గైకొని, యెవరి యిండ్లకు వారు మరలుదురు. పందిరియుఁ దలఁబ్రాలును బిమ్మట. ఈ నడిమి మాసములలో నా చిన్నది కన్యయా, భార్యయా యని యెవరైన నడిగినచోఁ బెద్దలు నవ్వి, కాగితపుఁ బెండ్లియే కదా యందురు. ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయఁదగినది కాదు. దీనికి మన ధర్మశాస్త్ర మొక సమాధానమును, ఫ్రాన్సుదేశపు శాసనము దానికిఁ గేవలము విపరీతమైన సమాధానమును జెప్పినవి. నేఁటి మన చట్టము రెంటి సమాధానములను రెండు వేఱు పుస్తకములలో వ్రాసికొని యున్నది. దాని చరిత్రను గొంత విచారింతము.

ధర్మశాస్త్రకారులు వివాహమును నొక్క గడియలో ముగియు కార్యముగాఁ దలంపలేదు. వాగ్దానము మొదలు గృహప్రవేశము వఱకును నది యొక క్రమము. అయినను నా క్రమమున భార్యాత్వ మెచ్చట సిద్ధించునను ప్రశ్నను వారు తప్పించుకొనలేదు. పాణిగ్రహణమంత్రములే దారత్వమునకు నిశ్చితలక్షణములనియు, వానికి నిష్ఠ సప్తమపదమునం దనియు మనువు చెప్పెను. ఈ మాట సంస్కారములను వివరించు మూఁడవ యధ్యాయమున గాక వ్యవహారములను విచారించు నెనిమిదవ యధ్యాయమునఁ జెప్పఁబడుట గమనింపఁదగినది. కొన్నవాఁడును నమ్మినవాఁడును బిదపఁ బశ్చాత్తాపపడినచో నేమి చేయవలెనను వివాదపదమున నీ శ్లోకము వచ్చినది. అనఁగా, వెనుకకు మరలఁగల హద్దేది యని యడిగినవారికి నిది జవాబు. ఒక్కమాఱిచ్చిన కన్యను మరలఁ గొన్నవాఁడు దొంగవలె దండ్యుఁడని విధించిన యాజ్ఞవల్క్యుఁడే, మేలైన వరుఁడు లభించినచో నిచ్చిన దానిని గూడ మరలఁ గొనవచ్చు ననెను. ఈ రెంటికిని బొత్తు గుదుర్చుటకై మితాక్షరాకారుఁడు, ఈ రెండవమాట సప్తమపదమునకు ముందు మాత్రమే యని వ్యాఖ్యానించెను. ఏడవ యడుగునకు నీవల నది యింకను సంభాషణ, ఆవల వివాహము.

ఇచ్చట నొక చిన్నమాట. మన తెలుఁగు పెండ్లిలో ముహూర్తము జీలకఱ్ఱ బెల్లమునకు, చుట్టములు లేచి యక్షతలు చల్లునది మంగళసూత్రధారణమునకు, వేడుక తలఁబ్రాలకు. సప్తపది నడచునప్పటికి వచ్చినవారిలోఁ జాలమంది విందుపంక్తిలో నుందురు. శాస్త్రము హద్దుగా నేర్పఱచిన దానిని జూచువారు పురోహితుఁడును, నిరుపక్షముల తల్లిదండ్రులును, ఛాయాచిత్రకారుఁడును మాత్రమే. ఈ యెడబాటు వలన న్యాయస్థానములలోఁ గలిగిన చిక్కు ముందు దెలియఁగలదు.

ధర్మముచేత వివాహము ముందును లోకమునకుఁ దెలియుట తరువాతను అగుటకు మన వాఙ్మయమునఁ బ్రసిద్ధమైన యుదాహరణము శకుంతల. నన్నయ యాదిపర్వకథ వ్యాసభారతము ననుసరించినది. దానిలో శాపము లేదు, మఱచిపోవుట లేదు. దుష్యంతుఁడు కణ్వాశ్రమమున గాంధర్వవిధిని వరించెను. క్షత్రియునకు గాంధర్వము ధర్మ్యమే. కావున వివాహమునకు లోపము లేదు. లోపించినది సాక్ష్యము. కొడుకుతో సభకు వచ్చిన యామెను రాజు ఎఱిఁగియు నెఱుఁగ ననెను. అశరీరవాణి పలికిన పిదప, లోకాపవాదమునకు వెఱచి యట్లంటి నని యొప్పుకొనెను. కాళిదాసు శాపమును దెచ్చి రాజునకు దోషము తొలఁగించెను గాని, వ్యవహారదృష్టికి భారతకథయే మనుష్యస్వభావమునకు దగ్గఱ యని నాకుఁ దోఁచును. పదిమంది యెదుట భార్య గాని స్త్రీ విషయమునఁ గాదనుటకుఁ బురుషుని నోటిమాట చాలును. ఆమె యౌననుటకు దైవము పలుకవలసివచ్చినది.

ఐరోపాలోను నీ చిక్కే శతాబ్దములు నిలిచెను. రోమను కథోలిక ధర్మము ప్రకారము వధూవరుల పరస్పరసమ్మతియే వివాహమును జేయును. నిన్ను భార్యగాఁ గొనుచున్నానని యొకఁడు, భర్తగాఁ గొనుచున్నానని యొకతె పలికిన నది వివాహమే. గురువు లేకున్నను జెల్లును, సాక్షి లేకున్నను జెల్లును. మన గాంధర్వమునకును దీనికిని భేద మత్యల్పము. ఇట్టి రహస్యవివాహములను బిదప నొకరు కాదన్నప్పుడు మతన్యాయస్థానములు వ్యాజ్యములతో నిండెను. తుదకు 1563లో ట్రెంటునగరపు మతసభ, ఆ విచారణకుఁ జెందిన గురువును, ఇద్దఱు ముగ్గురు సాక్షులును లేని వివాహము చెల్లదని శాసించెను. ఫ్రాన్సురాజులు మతసభ శాసనమును నేరుగాఁ బ్రకటింపక, 1579లో బ్లవా నగరపు టాజ్ఞాపత్రముచే నట్టి నియమములనే తమవిగాఁ జేసికొని, సాక్షులు నలుగు రుండవలె ననిరి. అప్పటినుండి వివాహమునకు రుజువు గురువు పుస్తకము.

ఆ పుస్తకమునఁ జోటు లేనివారి గతి యేమి? 1685లో పదునాలుగవ లూయీ నాంతు శాసనమును రద్దుచేయుటతో ప్రొటెస్టెంటులకు ఫ్రాన్సులో శాసనసమ్మతమైన స్వమతవివాహమే లేకపోయెను. వారు జనులు లేని చోట్ల రహస్యముగాఁ గూడి తమ బోధకుల యెదుట వివాహమాడిరి. వారి మనస్సునకు నది వివాహము, రాజునకుఁ గాదు. బిడ్డలు జారజులుగా నెంచఁబడిరి. తండ్రి యాస్తికై దూరపుఁ జుట్టములు వ్యాజ్యములు వేయఁగలిగిరి. నూఱేండ్లు దాఁటిన పిదప 1787 నవంబరులో పదునాఱవ లూయీ, కథోలికులు గానివారు రాజాధికారి యెదుటఁ బ్రకటించి వ్రాయించుకొన్న వివాహము చెల్లునని యాజ్ఞ యిచ్చెను. పౌరవివాహము విప్లవకారుల నాస్తికతనుండి పుట్టెనని వ్రాయువారు కలరు. ఆ మతము సరికాదు. కర్మకు నోచుకొనని దంపతుల బిడ్డల దాయభాగమునుండి యది పుట్టినది. విప్లవము దానిని అందఱికిని వ్యాపింపఁజేసెను. 1791 నాఁటి రాజ్యాంగము, శాసనదృష్టికి వివాహము పౌరసమయము మాత్రమే యని ప్రకటించెను. 1792 సెప్టెంబరు 20న జననమరణవివాహముల పుస్తకములు గురువుల చేతులనుండి పురపాలకుల చేతులకు మాఱెను; ఆ దినముననే విడాకులకును శాసనము పుట్టెను.

ఇఁక రెండు వివాహములలో నేది ముందు? 1802 ఏప్రిలులో వెలువడిన మతవ్యవస్థానియమములలో 54వది, పౌరాధికారి యెదుట వివాహమైనట్లు రుజువు చూపినవారికే గురువు ఆశీర్వచనము చేయవలెనని విధించెను. 1804 నాఁటి పౌరసంహిత, పౌరపుస్తకమున వ్రాఁత లేనివాఁడు భర్త ననుటకుఁ గాని యామె భార్య ననుటకుఁ గాని వీలులేదనెను. 1810 నాఁటి దండసంహిత దీనికిఁ గోఱలు పెట్టినది: చేవ్రాలు లేనిదే కర్మ జరిపిన గురువునకుఁ దొలిసారి 16 మొదలు 100 ఫ్రాంకుల జుల్మానా, రెండవసారి రెండు మొదలు అయిదేండ్ల చెఱ, మూఁడవసారి దేశాంతరవాసము. శిక్ష వధూవరులకుఁ గాదు, గురువునకు. చర్చిలో మాత్రమే పెండ్లియాడి పౌరపుస్తకమున నెక్కని స్త్రీ, పురుషుఁడు విడిచిపోయినచో దిక్కులేనిది యగును. అట్టి స్త్రీలను బుట్టింపకుండుటకై యీ దండనము అని సమర్థించువారు చెప్పిరి. చర్చిపై రాజ్యముయొక్క పెత్తన మని మఱికొందఱు. రెండును నిజమే యనవలెను.

ఈ శాసనములను బ్రకటించిన నెపోలియను సంసారమే వీనికి వ్యాఖ్యానము. 1796 మార్చి 9వ తేది రాత్రి పారిసున నొక పురపాలక కచేరిలో నతఁడు జోసెఫీనును వివాహమాడెను. వరుఁడు చాల ప్రొద్దు జాగుచేసి వచ్చెను. వధువునకు వాస్తవముగా 32 ఏండ్లు, వరునకు 26. ఇరువురును 28 ఏండ్లవారే యనునట్లు పుట్టినతేదులు వ్రాయించిరి. సాక్షులలో నొకఁడైన సేనాధికారికి సాక్షి యగుటకుఁ దగిన యీడు లేదు. గురువు లేఁడు, చర్చి లేదు. రెండు దినములకు వరుఁడు ఇటలీ దండయాత్రకు వెడలెను. ఇన్ని లోపములతోను నా వివాహము చెల్లినది. ఏలయన నది పుస్తకమున నెక్కినది.

కర్మ యెనిమిదేండ్లు వెనుకఁబడెను. 1804 డిసెంబరు 2న పట్టాభిషేకము. అందులకై పారిసు వచ్చియున్న పోపు ఏడవ పయసునకు జోసెఫీను, తాము చర్చిదృష్టికి దంపతులము కామని విన్నవించెను. పోపు, కర్మ జరుగనిదే యభిషేకమునకు రాననెను. చక్రవర్తి కోపించెను గాని లోఁబడెను. ఆ ముందటి దినమున త్యులరీ ప్రాసాదమున, వరునకు మేనమామ వరుసయైన కార్డినలు ఫెష్ పోపు ననుజ్ఞ గొని రహస్యముగా నాశీర్వచనము జరిపెను. విచారణగురువు లేఁడు, నియమితులైన సాక్షులు లేరు. జోసెఫీను వివేకవతి కావున ఫెష్ చేత నొక ధ్రువపత్రము వ్రాయించుకొనెను.

అయిదేండ్లకు నెపోలియనునకు వారసుఁడు కావలసివచ్చెను. 1809 డిసెంబరు 16న సెనేటు నిర్ణయముచేఁ బౌరవివాహము రద్దయ్యెను. పౌరసంహితలో 45 ఏండ్లు నిండిన భార్యను బరస్పరసమ్మతిచే విడుచుట కూడదని నియమము కలదు. ఆమెకు నిజముగా 46, 1796 నాఁటి పుస్తకమును బట్టి 42. సెనేటు ప్రత్యేకనిర్ణయము చేయుటచే నీ చర్చ యక్కఱలేకపోయినది. మిగిలినది చర్చివివాహము. దానిని 1810 జనవరిలో పారిసు మతన్యాయాధికారులు, విచారణగురువును సాక్షులును లేనందున చెల్లదని తేల్చిరి. రహస్యవివాహములలో మోసపోవువారిని గాచుటకు ట్రెంటుసభ పెట్టిన నియమమే యిచ్చట నామెను వెడలఁగొట్టుటకు సాధనమైనది. ఫెష్ పత్రము పనికి రాలేదు. రాజుల వివాహములను విచారింప నధికారము గల పోపు నాఁటికి నెపోలియను బందీగా సవోనాలో నుండెను.

రెండవ వివాహమున నతఁ డేలోపమును రానీయలేదు. 1810 మార్చి 11న వియన్నాలో ప్రతినిధిద్వారా వివాహము; ఏప్రిలు 1న సాఁక్లూ ప్రాసాదమునఁ బౌరవివాహము; మఱునాఁడు లూవ్రు ప్రాసాదమున మతకల్యాణము. కార్డినళ్లలోఁ గొందఱు కల్యాణమునకుఁ బోలేదు. మొత్తము పదుమువ్వురు గైరుహాజరైరి. మొదటి వివాహమును రద్దుచేయు నధికారము పారిసు మతాధికారులకు లేదని వారి మతము. చక్రవర్తి వారి యెఱ్ఱయంగీల నూడఁదీయించెను. అప్పటినుండి వారికి నల్లకార్డినళ్లని పేరు.

పుస్తకమే వివాహమైన దేశమునఁ బుస్తకములు కాలినచో నేమగును? 1871 మేలో పారిసు నగరభవనమును న్యాయభవనమును దగులఁబడినప్పుడు, 1860కి ముందటి నగరపు పౌరపుస్తకముల రెండు ప్రతులును భస్మమయ్యెను. తరువాత నవి కొంతవఱకు కుటుంబపత్రములనుండియు, చర్చిపుస్తకములనుండియుఁ దిరిగి కూర్పఁబడెను. గురువు పుస్తకమును ద్రోసిరాజనిన రాజ్యము దానినే సాక్ష్యముగాఁ బిలువవలసివచ్చుట చరిత్రకారునకు వినోదము గొలుపు విషయము.

ఫ్రాన్సు వరుసను బెల్జియము 1831 నాఁటి రాజ్యాంగమునఁ జేర్చుకొనెను. జర్మనీ 1875లో శాసించి, కర్మకు ముందు చేవ్రాలుండవలెనను నిర్బంధమును 2009 జనవరి 1నుండి సడలించెను. ఫ్రాన్సులో నేఁటికిని మేయరు కచేరి ముందు, చర్చి తరువాత. కర్మను ముందు జరుపుట నలవాటుగాఁ జేసికొన్న గురువునకు నేఁటికిని శిక్ష కలదు.

ఈ ఫ్రెంచి సంహిత తెలుఁగునేలకు దూరమైనది కాదు. గోదావరీతీరమున యానామునకు వచ్చినది. 1819 జనవరిలో ఫ్రెంచి సంహితలను భారతదేశపు టధినివేశములలోఁ బ్రకటించునప్పుడు, హిందువులకు వారి కులాచారములే చెల్లునని మినహాయించిరి. 1881 సెప్టెంబరు 21 నాఁటి శాసనముచే, ఆచారమును ద్యజించి సంహితకు లోఁబడఁగోరినవారికి ద్వారము తెఱవఁబడెను. అట్టివారికి మేయరు కచేరిలో జరిగినదే వివాహము. తక్కినవారికి పందిటిలో జరిగినది. ఈ మినహాయింపు వలన నొక వింత జరిగినది. బ్రిటిషు ఇండియాలో 1930 ఏప్రిలు 1నుండి శారదాచట్ట మమలునకు వచ్చి, 14 ఏండ్లు నిండని బాలికకును 18 నిండని బాలునకును వివాహము జరుపుట శిక్షార్హమయ్యెను. అంత గోదావరి మండలములవారు పిల్లలను దీసికొని యానాము పోయి పెండ్లిండ్లు చేసిరి. ఆ యూరికిఁ గల్యాణపుర మను పేరును వచ్చెను. ఆ చట్టము బాల్యవివాహమును జరిపినవారిని శిక్షించెనే గాని వివాహమును రద్దుచేయలేదు. సప్తపది యెచ్చట నడచినను నడచినదే. కావున శిక్ష లేని చోటికిఁ బోయి నడపిరి.

బ్రిటిషు ఇండియా శాసనకర్తలు హిందువుల విషయమున వివాహసిద్ధిని గర్మకే విడిచిరి. 1856 నాఁటి వితంతువివాహచట్టము సైతము క్రొత్తవిధి నొకదానిని గల్పింపక, కన్యావివాహమునకుఁ జాలిన మంత్రములును గర్మములును వితంతువునకును జాలుననెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు జరిపించిన ప్రథమవివాహము ఈ చట్టపు నీడనే జరిగినది. ఆయనకుఁ బురోహితుని సంపాదించుట ప్రయాసమైనదని యెఱిఁగినవారు, అంత ప్రయాస యేల యని శంకింపవచ్చును. లోకమును మెప్పించుటకు మాత్రమే గాదు; కర్మ లేనిదే యా వధువునకు శాసనరక్షయు లేదు. అగ్నిని మాని పెండ్లియాడిన బ్రహ్మసామాజికులకు నీ రక్ష సందేహాస్పద మగుటచేతనే, కేశవచంద్రసేనుని ప్రయత్నమున 1872 నాఁటి మూఁడవ చట్టము పుట్టెను. దానిలోఁ జేవ్రాలు వివాహమును జేయును. కాని వధూవరులు తాము హిందువులము గాము, క్రైస్తవులము గాము, మహమ్మదీయులము గాము అని యిట్లు వరుసగాఁ జెప్పవలెను. 1923లో హిందూ, బౌద్ధ, సిక్కు, జైనుల కీ నిరాకరణము తప్పినది. 1954 నాఁటి ప్రత్యేకవివాహచట్టము దానిని బూర్తిగాఁ దొలఁగించి, ముప్పది దినముల ప్రకటనము, ముగ్గురు సాక్షులు, అధికారి యెదుటఁ బ్రమాణవాక్యము, ఇవి చాలుననెను. దీని క్రిందఁ జేవ్రాలు ముందుచేసి, పందిరి యెప్పుడు వేసినను, అసలు వేయకున్నను, వివాహమునకు లోపము లేదు.

మఱుసటి యేఁటి హిందూవివాహచట్టము అట్లు కాదు. దాని 7వ విభాగము మనువాక్యమునకు నించుమించు ప్రతిబింబము: ఇరుపక్షములలో నొకరి యాచారకర్మముతో వివాహము జరుగవలెను, ఆ యాచారమున సప్తపది యున్నచో నేడవ యడుగుతో నది సంపూర్ణము. 8వ విభాగపు నమోదు రుజువునకు మాత్రమే. 1965లో సర్వోన్నతన్యాయస్థానము, ఆవశ్యకకర్మములు రుజువు గానందున, భార్య యుండఁగా మఱల పెండ్లాడెనన్న యభియోగమునుండి యొకనిని విడిచిపెట్టెను. రెండవపెండ్లి లోపముతో జరుగుటయే వానికి రక్షణమైనది. విందుపంక్తికి లేచిపోయిన చుట్టములు సప్తపదికి సాక్ష్యమేమి చెప్పఁగలరు?

ఇఁక మొదటఁ జెప్పిన వాడుక. పత్రమును ద్వరగా సంపాదింపఁగోరువారు ముప్పది దినములు కాచుకొనవలసిన 1954 చట్టమును విడిచి, 1955 చట్టముక్రింద, జరుగని కర్మ జరిగినదని వ్రాయింతురు. ఇట్టిదే యొకటి 2024 ఏప్రిలు 19న సర్వోన్నతన్యాయస్థానమునఁ దీర్పునకు వచ్చినది. ఉత్తరదేశపు యువతీయువకులు 2021లో నొక సంఘమునుండి వివాహపత్రము గొని నమోదు చేయించిరి. కల్యాణమును 2022 అక్టోబరునకుఁ బెట్టుకొనిరి. ఈ నడుమఁ బొరపొచ్చెములు గలిగి కల్యాణము జరుగలేదు. విడాకుల వ్యాజ్యము, మనోవర్తి వ్యాజ్యము, నేరాభియోగము వేఱువేఱు న్యాయస్థానములకుఁ బోయెను. తుదకిరువురును గూడి కోరఁగా, కర్మ లేనిచోట నమోదు వివాహమును బుట్టింపఁజాలదనియు, వారెన్నఁడును దంపతులు కారనియు న్యాయమూర్తులు తీర్మానించి, మూఁడు వ్యాజ్యములను గొట్టివేసిరి. ఇరువురును విడిపోఁగోరినవారే కావున నిచ్చట నెవరికిని నష్టము గలుగలేదు. ఒకరు మాత్రమే కాదన్నచో? పత్రమును నమ్మి విదేశమునకుఁ బోయి కాపుర ముండిన చిన్నదానిని, సప్తపది నడువలేదు కదా యని పురుషుఁడు తోసిపుచ్చినచో? జోసెఫీను చేతి ఫెష్ పత్రము జ్ఞప్తికి వచ్చును.

పండితులకు నొక విన్నపము. 7వ విభాగము సప్తపదిని అందఱికిని విధింపలేదు, ఆచారమున నున్నవారికే. సప్తపది లేని కులములలోఁ గట్టుబాటు ఏ కార్యముతో సంపూర్ణమగునో, తాళితోనో, తలఁబ్రాలతోనో, చేయి చేత నుంచుటతోనో, అది యా కులవృద్ధుల నోట నున్నది. న్యాయస్థానములు రుజువడుగునది దీనినే. ఊరూరఁ బాఠశాలలలో నున్నవారు తమ ప్రాంతపు వృద్ధులను విచారించి, కులము, గ్రామము, కార్యక్రమము వ్రాసి పంపినచోఁ బరిషత్తు వానిని బ్రకటింపఁగలదు.